సైతాను గీతలు: మా ఊరి గుడి గోడ కథ

(కర్నూలులో ఒక ఆదివారం సాయంత్రం, స్థానిక చరిత్ర మీద ఇష్టమున్న కొంతమంది మిత్రులు కలిసిన చోట చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉంది, వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. లెక్కల పంతులుగా ముప్పై మూడేళ్ళు అరిచి అరిచి రిటైరైనవాణ్ణి, అదొక్కటీ నాకు బాగా వచ్చు.

నన్ను చరిత్ర గురించి మాట్లాడమన్నారు. నేను చరిత్రకారుణ్ణి కాదు. మా ఊళ్ళో ఒక గుడి ఉంది, దాని గోడలో ఒక రాయి ఉంది, ఆ రాయి గురించి చిన్నప్పట్నుంచీ నాకు ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు. ఆ సంగతి చెప్పి కూర్చుంటాను. అంతే. మధ్యలో వేరే దారుల్లోకి పోతే మీరే లాగండి వెనక్కి.

గుడి అంటున్నాను, ఏ గుడి అనుకుంటున్నారు? మా పల్లెలో చర్చిని గుడే అంటాం. చర్చి అనేది టౌన్ మాట. రాములవారిది రాములగుడి, మాది మిషన్ గుడి. "గుడికాడ ఉంటా రా" అంటే ఏ గుడో మాటాడే మనిషిని బట్టి తెలిసిపోతుంది. ఊరు ఎక్కడంటే, ఆళ్ళగడ్డకూ చాగలమర్రికీ మధ్య, పెద్దరోడ్డు వదిలి లోపలికి పోవాలి. గుడి పెద్దదేం కాదు. లోపల ముప్పై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. నేనే టేపు పెట్టి కొలిచాను. నాపరాయి గోడలు, గానుగ సున్నం. గానుగ సున్నం ఎట్లా చేస్తారో ఇక్కడ పెద్దవాళ్ళు కొందరికి తెలిసే ఉంటుంది, గుండ్రంగా తవ్విన కాలువలో సున్నమూ ఇసకా పోసి ఎద్దులతో రాతిచక్రం తిప్పిస్తారు, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోస్తారు. ఆ సున్నం ఇప్పటికీ గోరుతో గీకితే రాలదు. పైన ముందు మట్టిమిద్దె ఉండేదంట, చౌడు వేసి, నా ఎరుకలో మాత్రం రేకులే.

ఇప్పుడు కథ. ఊళ్ళో ఎవర్నడిగినా ఈ కథే చెప్తారు. ఒక దొర గుర్రం మీద పోతున్నాడు. మా ఊరి తూర్పున ఒకచోటికి రాంగానే గుర్రం నాలుగు కాళ్ళూ పాతుకుని నిలబడిపోయింది. కొట్టినా కదల్లేదు, నీళ్ళు చూపించినా కదల్లేదు. దొర కిందికి దిగి మోకరించి ప్రార్థన చేసుకుని, "దేవుడు ఇక్కడే ఉండమంటున్నాడు" అని చెప్పి అక్కడే గుడి కట్టించాడు. గుర్రం ఎంతమేర చుట్టి తిరిగితే అంత స్థలం రెడ్డిగారు రాసిచ్చారు. ఇదీ కథ.

బాగుంది కదా? చిన్నప్పుడు నాకు చాలా నచ్చేది. పెద్దయ్యాక ఒక పిచ్చి అనుమానం వచ్చింది. గుర్రం ఆగిన చోటు ఎట్లాంటి చోటు? నేను పోయి చూశాను. ఒకపక్క మాలపల్లె. ఒకపక్క చౌడునేల, గడ్డి కూడా మొలవదు. ఇంకోపక్క ఊరి పేడదిబ్బలు ఉండేవంట. గుర్రం చాలా తెలివైనది సార్, ఊళ్ళో ఎవరికీ పనికిరాని స్థలం చూసి మరీ ఆగింది!

నవ్వడం సరే. కానీ నేను కథను ఎగతాళి చేయడానికి రాలేదు. మన సీమకు దొరల మీద కథ కట్టడం కొత్తేమీ కాదు. థామస్ మన్రోను తీసుకోండి. 1800 నుంచి 1807 దాకా ఈ దత్తమండలాలకు పెద్ద కలెక్టరు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం ముందర నిలబడి స్వామితో మాట్లాడాడంటారు, మఠం భూములు అందుకే వదిలేశాడంటారు. గండిలో, పాపఘ్ని కొండల మధ్య నుంచి వచ్చేచోట, ఆ కొండకూ ఈ కొండకూ కట్టిన బంగారు తోరణం ఆయన కంటికి కనబడిందంటారు, అది కనబడినవాడు ఎక్కువకాలం బతకడంటారు. ఆయన గవర్నరై మళ్ళీ ఈ పక్కకి వచ్చి 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పాతిపెట్టి, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. మన పల్లెల్లో మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు. దొరను మనవాళ్ళు దేవుళ్ళలో కలిపేసుకున్నారు, అంతే కదా.

ఇంకో కథ చూడండి, మన ఊరిదే, కర్నూలుది. ఆలంపురం గుళ్ళకి రాళ్ళు తోలే బండ్లు తుంగభద్ర దాటేముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పెట్టుకునేవంట. అందుకే కందెనవోలు, కందనవోలు, చివరికి కర్నూలు. నిజమో కాదో భాషాశాస్త్రం వాళ్ళు తేల్చుకుంటారు. నాకు ఈ కథలో నచ్చేది ఏందంటే, దీంట్లో రాజు లేడు. దేవుడు కూడా ప్రత్యక్షం కాలేదు. బండి తోలేవాడు, వాని చేతిలో కందెన డబ్బా, అంతే. మన మిషన్ గుడికి ఇట్లాంటి కథ ఎందుకు లేదు? రాళ్ళు ఎవరు మోశారు? అది నా బుర్రలో పడ్డ పురుగు.

కొంచెం చరిత్ర చెప్పి మళ్ళీ వస్తాను. ఈ పక్క పల్లెలకు క్రైస్తవం 1850ల్లో వచ్చింది. ముత్యాలపాడు, ఇప్పుడు చాగలమర్రి మండలంలో ఉంది, అక్కడ ఎస్పీజీ అనే ఇంగ్లండు మిషన్ వాళ్ళు మకాం పెట్టారు. క్లే దొర, స్పెన్సర్ దొర అని పాతవాళ్ళు చెప్పేవాళ్ళు. తర్వాత కలసపాడు, నంద్యాల. నంద్యాలలో ఎస్పీజీ హైస్కూల్ అంటే తెలియనివాళ్ళు లేరు. ఆ స్కూల్ పేరులో మిషన్ పేరు అట్లా నిలిచిపోయింది. అయితే సీమకు క్రైస్తవం అప్పుడే మొదలనుకోవద్దు. అంతకు నూటయాభై ఏళ్ళ ముందే అనంతపురం పక్క, ముదిగుబ్బ, కృష్ణాపురం అక్కడంతా ఫ్రెంచి జెస్యూట్ స్వాములు తిరిగారు. సన్యాసుల్లాగా కాషాయం కట్టుకుని, మాంసం ముట్టకుండా. వాళ్ళ జట్టులోనివాడే కేర్దూ అనే ఆయన, సంస్కృతానికీ లాటిన్‌కూ గ్రీకుకూ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్‌కు రాసి పంపాడు. విలియం జోన్స్ అదే మాట చెప్పింది 1786లో. తెలుగు పల్లెల్లో తిరిగిన మనిషి, చూడండి! సరే, దారి తప్పాను. ఆ అక్కడ సార్ వాచీ చూసుకుంటున్నారు.

మా మాలపల్లెలు ఆ దొరల మాట ఎందుకు విన్నాయి? గోధుమ రవ్వకి, పాలపిండికి అని ఇప్పుడు ఈజీగా అనేస్తారు. అప్పటికి పాలపిండి యాడిది? నాకు తోచింది చెప్తాను, ఒప్పుకోకపోతే ఒప్పుకోకండి. ఈ ప్రాంతం వీరబ్రహ్మంగారు తిరిగిన నేల. బనగానపల్లె పక్కనే ఉంది, కందిమల్లాయపల్లె ఎంతో దూరం లేదు. ఆయన శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటివాడు. కక్కయ్య మాదిగ. కులం చూడని గురువు ఒకడు ఉంటాడు అనే మాట మా పల్లెలకు అప్పటికే తెలుసు. రాత్రిపూట తంబూర పెట్టుకుని తత్వాలు పాడుకోవడం తెలుసు. గుళ్ళో పాడే పాత కీర్తనల్లో కొన్ని మా అవ్వ పాడుతుంటే తత్వం పాడుతోందా కీర్తన పాడుతోందా అని పక్కింటివాళ్ళు అడిగేవాళ్ళు. బాణీ ఒకటే, పేరే మారింది.

ఇప్పుడు రాయి దగ్గరికి వస్తాను.

గుడి వెనక గోడలో, నేలనుంచి రెండడుగుల ఎత్తున, ఒక నాపరాయి ఉంది. రెండడుగుల పొడవుంటుంది. దాని నిండా గీతలు. నిలువు గీతలు, వేలెడు పొడవు, వరసలు వరసలుగా. చిన్నపిల్లలకు మా ఊళ్ళో ఏం చెప్తారంటే, అవి సైతాను గీతలు. గుళ్ళో మొదటిసారి గంట కొట్టినరోజు సైతాను భరించలేక గోడపట్టుకుని గీరుకున్నాడంట, వాని గోళ్ళు పడ్డాయంట. చీకటిపడ్డాక ఆ గోడ పక్కకి ఎవరం పోయేవాళ్ళం కాదు. ఆదివారం బడిలో అల్లరి చేస్తే ఉపదేశి అయ్య "గోడకాడ కూర్చోబెడతా" అనేవాడు, చాలు, నోర్లు మూతబడేవి.

ఒకరోజు, నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు, మా అవ్వతో ఆ పక్కగా పోతూ నేను దూరంగా జరిగాను. "యేంరా?" అంది. "సైతాను గీతలవ్వా" అన్నా. అవ్వ నిలబడింది. నా చెయ్యి పట్టుకుని ఆ రాయి కాడికి ఈడ్చుకుపోయి, నా వేలు తీసి ఒక గీతలో పెట్టింది. ఇప్పటికీ ఆ రాయి చల్లదనం నా వేలికి గుర్తుంది. "సైతాను గీతలు కాదురా బిడ్డా, మాయమ్మ గీతలు" అంది. "మాయమ్మా, ఇంకా పదిమంది ఆడోళ్ళూ తట్టలు మోసి పెట్టుకున్న లెక్క ఇది. గీతకు పది తట్టలు."

ధాత కరువు అని వినే ఉంటారు. ధాత నామ సంవత్సరం, 1876లో మొదలై 1878 దాకా పీడించింది. మద్రాసు రాజధానిలో మన సీమ జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. 1871 జనాభా లెక్కనూ 1881 లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లాలో నాలుగో వంతు జనం కనబడరు. పదేళ్ళలో నలుగురిలో ఒకరు. కరువు పనులకు కూలి ఎంతో తెలుసా? 1877 మొదట్లో, కరువు చూసి రమ్మని సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి తగ్గించిన కూలి, మగమనిషికి రోజంతా కష్టపడితే ఒక పౌను ధాన్యం, అంటే మన లెక్కలో అరకేజీ కూడా లేదు, పైన ఒక అణా. అది తిని రాళ్ళు కొట్టాలి. ఆడవాళ్ళకు అంతకంటే తక్కువ, పిల్లలకు ఇంకా తక్కువ. మా గుడి ఆ కరువులోనే లేచిందని అవ్వ చెప్పేది. అవ్వ వాళ్ళమ్మ అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల. రాళ్ళు వంక అవతలి నుంచి, సున్నం తట్టలు గానుగ దగ్గర నుంచి.

మరి లెక్క వీళ్ళెందుకు పెట్టుకోవాలి? మేస్త్రీ పెట్టుకుంటాడు కదా? అదే నేనూ అడిగాను. అవ్వ అంది, "మేస్త్రీ కాగితమ్మీద రాత్తాడు. కాగితం ఆయప్ప సేతిలో ఉంటాది. రాయి గోడలో ఉంటాది." ఆ మాట నేను ముప్పై మూడేళ్ళు క్లాసులో చెప్పాను, పిల్లలకు లెక్కలు ఎందుకు రావాలో చెప్పడానికి.

నేను ఆ గీతలు లెక్కపెట్టాను. మొత్తం 143. ఐదు గీతలకు ఒకసారి కొంచెం ఎడం ఉంటుంది. నాలుగు ఎడాలకు ఒక చుక్క. అంటే ఇరవై. సైతానుకు ఇరవైల లెక్క ఎందుకు సార్? ఇంకా అనుమానం తీరక, ఆళ్ళగడ్డ నుంచి ఒక శిల్పిని తీసుకుపోయాను. ఆళ్ళగడ్డ శిల్పులు మీకు తెలిసినవాళ్ళే, దేవుని విగ్రహాలు చెక్కి ఎక్కడెక్కడికో పంపుతారు. ఆయన గొంతుక్కూర్చుని, బొటనవేలు గీతల్లో పెట్టి అటూ ఇటూ జరిపి చూసి, "ఇది ఉలి పని కాదు, ఉలి అయితే గీత అడుగు సమంగా ఉంటాది. ఇది కొడవలి మొన. చెయ్యి కూడా ఒకటి కాదు, ఈ వరస ఎడమచేతివాటం మనిషిది" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. మా ఇంట్లో ఎడమచేతివాటం నాకుంది, మా అవ్వకుండేది. అంతకంటే ఏం చెప్పను, లెక్కల పంతుల్ని, దాన్ని రుజువు అనను.

గంట గురించి కూడా చెప్పాలి, అది చెప్పకపోతే మా ఊరివాళ్ళు నన్ను ఊళ్ళోకి రానివ్వరు. మా ఊరికి పడమర మైలున్నర దూరంలో కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ, పోతుంది. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది, సాగునీళ్ళకూ పడవలకూ రెండింటికీ. కంపెనీ నష్టాల్లో మునిగితే 1882లో సర్కారు కొనుక్కుంది. ఆ కాలువలో పడవ మీద మా గుడికి రెండు గంటలు వచ్చాయంట, అక్కాచెల్లెళ్ళు. దింపేటప్పుడు చెల్లెలు నీళ్ళలో పడిపోయింది. అక్క గుళ్ళో ఉంది. ఏటా కాలువకు నీళ్ళు వదిలే ముందురోజు రాత్రి చెల్లెలు అడుగునుంచి మోగుతుంది, అక్కను పిలుస్తుంది. రైతులు నారుమడులు పోసుకోవడానికి ఆ చప్పుడు కోసం చూసేవాళ్ళంట!

నేనూ మా తమ్ముడూ ఒకసారి రాత్రంతా గట్టుమీద పడుకున్నాం. దోమలు పీకి తిన్నాయి. తెల్లవారుజామున నిజంగానే వినబడింది, ఠంగ్... ఠంగ్ అని. మా తమ్ముడు పరుగు. నేను ధైర్యం చేసి చప్పుడు వచ్చిన పక్కకు పోతే, లస్కరు తూముకాడ షట్టర్ గొలుసు లాగుతున్నాడు. "ఏం పిల్లోడా ఇంత పొద్దున?" అన్నాడు. ఊళ్ళోకి వచ్చి మాత్రం గంట విన్నానని చెప్పాను. ఎందుకంటే అబద్ధమేం కాదు. లస్కరు గొలుసు లాగితే తెల్లారి నీళ్ళు వస్తాయి. కథ ఏం చెప్పిందో అదే జరిగింది కదా!

ఇంకొకటి, దొరసాని. గుడి ఆవరణలో రెండు చిన్న సమాధులున్నాయి, మూడడుగులు కూడా ఉండవు. దొరల పిల్లలవి. ఎండలకో జ్వరాలకో పోయుంటారు. పౌర్ణమి రోజు దొరసాని తెల్లగౌనులో వచ్చి పిల్లలకు పాలిచ్చి పోతుందని మా ఊళ్ళో నమ్మకం. అందుకని బాలింతకు పాలు పడకపోతే, ఆదివారం పొద్దున్నే చిన్న గిన్నెలో ఆవుపాలు తెచ్చి సమాధి తలాపున పోసి, ఆ తడిమట్టి చిటికెడు తీసుకుని నుదుట పెట్టుకుపోతారు. మావాళ్ళే కాదు. రెడ్లవాళ్ళు వస్తారు, తురకలవాళ్ళు వస్తారు. పాస్టర్ గారు ప్రతి ఏడూ ప్రసంగంలో ఇది మానమని చెప్తారు, పాపం. ఒకప్పటి పాస్టరమ్మ కూడా చీకట్లో ఒకసారి గిన్నెతో కనబడిందని చెప్పుకుంటారు... ఇది రికార్డ్ అవుతోందా? సరే, ఉండనీండి, ఆమె ఎవరో నేను చెప్పలేదు కదా.

ఆమె దొరసాని, ఎక్కడి మనిషో, భాష కూడా సరిగ్గా రాని మనిషి. ఇద్దరు పిల్లల్ని ఈ చౌడునేలలో పెట్టి వెళ్ళిపోయింది. మా ఊరి ఆడవాళ్ళు ఆమెను దొరసానిగా గుర్తు పెట్టుకోలేదు, బిడ్డలు పోయిన తల్లిగా గుర్తు పెట్టుకున్నారు. దొర ప్రసంగాలు ఒక్కటైనా ఊళ్ళో ఎవరికైనా గుర్తున్నాయా? లేదు. ఆయన గుర్రం గుర్తుంది!

మొహర్రం పీర్లు కూడా గుడికాడ ఒకసారి ఆగి, బావికాడ బెల్లంపానకం తాగి పోతాయి. 1947లో వేరువేరు మిషన్ల సంఘాలు కలిసి సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, ఏర్పడినప్పుడు నంద్యాల పక్క చాలా సంఘాలు చేరక, 1975 దాకా విడిగానే ఉండిపోయాయి. చేరదామా వద్దా అని మా ఊళ్ళో ఒకే ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. అప్పుడు కూడా పీర్లకు పానకం మాత్రం రెండు వర్గాలూ కలిసే కలిపాయి. అది వేరే ప్రసంగం, ఇంకోసారి పిలిస్తే చెప్తాను.

ఇప్పుడు అసలు టెన్షన్ చెప్తాను. పోయినేడు గుడికి రిపేరు పెట్టారు. మంచిదే, రేకులు కారుతున్నాయి. బయటి ఊళ్ళలో ఉద్యోగాలు చేసే పిల్లలు డబ్బు పంపారు. డబ్బు మిగిలింది. మిగిలితే ఏం చేస్తాం మనం? టైల్స్! లోపలా బయటా టైల్స్. నేను పోయేసరికి మూడు గోడలు అయిపోయాయి, బాత్రూమ్ లాగా మెరుస్తోంది. నాలుగోది వెనకగోడ. కమిటీవాళ్ళను బతిమాలాను. "అన్నా, సైతాను గీతలు మూసేస్తే మంచిదే కదా" అన్నాడు ఒక కుర్రాడు, నా దగ్గర ఏడో క్లాసు చదివినవాడే. అవ్వ చెప్పింది చెప్పాను. వాళ్ళకు సగం నమ్మకం. అప్పుడు ఒక ముసలామె, మా వరసకు పిన్నమ్మ, పొగాకు నములుతూ పక్కన కూర్చునుంది, "మా జేజి కూడా ఆడ్నే తట్టలు మోసిందంట" అంది. అంతే, ఆమె అంత చప్పున అనేసింది. ఇన్నేళ్ళుగా మరి ఎందుకు చెప్పలేదని అడిగితే, "యెవురడిగినారు?" అంది.

టైల్స్ మేస్త్రీ చివరికి ఆ రాయి ఒక్కటి వదిలేసి చుట్టూ వేశాడు. చూడ్డానికి పని మధ్యలో ఆగిపోయినట్టుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు "టైల్ ఊడిపోయిందే" అంటారు. మొన్న క్రిస్మస్‌కు ఎవరో దానిమీద స్టార్ అంటించారు, నేనే పోయి పీకేశాను.

టైమ్ అయిపోయిందంటున్నారు. చూడాలనుకున్నవాళ్ళకు దారి చెప్తాను. కడప బస్సెక్కి ఆళ్ళగడ్డలో దిగి నాకు ఫోన్ చేయండి, నెంబరు ఈ సభ పెట్టినవాళ్ళ దగ్గరుంది. పొద్దునపూట రండి, ఎండ వాలుగా పడితేనే గీతలు తేటగా కనబడతాయి, మధ్యాహ్నం వస్తే ఏమీ కనబడదు, నన్ను తిట్టుకుంటారు. గుడి తాళం ఉపదేశి అయ్య ఇంట్లో ఉంటుంది, కానీ రాయి బయటిగోడకే ఉంది, తాళంతో పనిలేదు.